ఎబెద్మెలెకు కథ రాయబోయి వేపచెట్టుకు వేలాడాను

"ఎబెద్మెలెకు ఎవరు?" అని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో టీ తాగుతున్నవాళ్లను వరసపెట్టి అడిగాను. ఒకరు ఏదో రాజు అన్నారు. ఇంకొకరు మెల్కీసెదెకుతో కలిపేశారు. స్త్రీల సమాజంలో నలభై ఏళ్లుగా ఉన్న ఆంటీ ఒకావిడ "పేరు విన్నట్టే ఉంది తల్లీ, పాత నిబంధనే కదా" అని తప్పించుకున్నారు. చివరికి చెప్పింది నా సండే స్కూల్ క్లాసులో ఆరో తరగతి పిల్ల, అదీ బైబిల్ క్విజ్ కోసం బట్టీ పట్టింది కాబట్టి: "యిర్మీయాను గోతిలోంచి తీసినోడు, టీచర్."

అంతే, తీసినోడు. ఆయన గురించి బైబిల్లో ఉన్నది యిర్మీయా 38వ అధ్యాయంలో ఏడు వచనాలు, 39వ అధ్యాయం చివర నాలుగు. ఆ పదకొండు వచనాల మనిషి మీద నేను 112 పేజీల నవలిక రాశాను. ఎలా రాశావని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు, ఫోన్లో అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. లొంగిపోతే బతుకుతారు, లేకపోతే కత్తి, కరువు, తెగులు తప్పవని ప్రవక్త యిర్మీయా చెబుతుంటే అధిపతులకు ఒళ్లు మండింది. సైనికుల చేతులు వణికిస్తున్నాడు, చంపించండని రాజు సిద్కియా దగ్గరికి వెళ్లారు. రాజు, మీ ఇష్టం, మీకు అడ్డం చెప్పేంత శక్తి నాకెక్కడిదని చేతులు దులుపుకున్నాడు. యిర్మీయాను తాళ్లతో ఒక గోతిలోకి దించారు. అందులో నీళ్లు లేవు, ఉన్నది బురదే, ఆయన అందులో దిగబడ్డాడు. రాజు ఇంట్లో పనిచేసే ఒక కూషీయుడు (ఆఫ్రికావాడు), షండుడు, అంటే నపుంసకుడు, మన ఎబెద్మెలెకు, ఈ సంగతి విని నేరుగా రాజు దగ్గరికే పోయి మాట్లాడి, ముప్పైమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చే ముందు ఖజానా కింద ఉన్న చోటికి వెళ్లి పాత, చినిగిన బట్టలు ఏరుకొచ్చి తాళ్లతో కిందికి వదిలి, ఇవి చంకల కింద పెట్టుకుని ఆ మీద తాళ్లు వేసుకోమన్నాడు.

నన్ను పట్టుకుంది ఆ పాత బట్టలే. ప్రవక్తను చంపడానికి నలుగురు, ఏమీ చేయకుండా కూర్చోవడానికి ఒక రాజు ఉన్న కథలో, తాడు ఒరుసుకుంటుందేమోనని ఆలోచించినవాడు ఒకడున్నాడు. ఆ పాత గుడ్డలు ఎక్కడ పడి ఉంటాయో కూడా వాడికే తెలుసు. ఆ ఇంట్లో పనిచేసేవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది!

2022 శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు రోజుల్లో, మొదలుపెట్టాను. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను, కథలు అప్పుడప్పుడూ రాసుకుంటాను, కాబట్టి భాష గురించి భయం లేదు. మొదటి డ్రాఫ్ట్ ఆరు వారాల్లో అయిపోయింది. పరమ దరిద్రంగా వచ్చింది. ఎబెద్మెలెకు మా ఎబెద్మెలెకు కాదు, సినిమా హీరో. సింహంలా రాజు ముందుకు నడుస్తాడు, రెండు పేజీల డైలాగు చెబుతాడు, రాజు తల దించుకుంటాడు. యిర్మీయానైతే తాడు మీద వేలాడుతూ కీర్తన పాడించాను. మా ఆయన చదివి "బాగుంది" అన్నారు, ఆ "బాగుంది" ఎలాంటిదో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

పైగా మా చర్చి పాస్టరు అయ్యగారి దగ్గర ఇంకో గండం. మనసులో మాట చెప్పగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "అమ్మా, దేవుని వాక్యానికి కలపకూడదు కదా" అన్నారు. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం చివర, ఈ మాటలకు ఎవరూ ఏదీ కలపొద్దన్న హెచ్చరిక ఆయన ఎత్తకముందే నాకు గుర్తొచ్చింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి రెండు షరతులు పెట్టారు: వాక్యంలో ఉన్నదాన్ని మార్చకూడదు, పుస్తకం మొదటి పేజీలోనే ఇది కల్పన అని రాయాలి. సరేనన్నాను. ఇప్పుడు చూస్తే ఆ మొదటి షరతు నాకు అడ్డంకి కాలేదు, నన్ను ఒడ్డున పడేసింది. వాక్యాన్ని మార్చకూడదంటే ముందు వాక్యంలో ఏముందో చూడాలి కదా, నేను అప్పటిదాకా సరిగ్గా చూడనే లేదు.

ఉదాహరణకు ఆ గొయ్యి. మన తెలుగు బైబిల్లో గొయ్యి అని ఉంటే నేను పొలంలో తవ్విన గుంటను ఊహించుకుని రాశాను. చర్చి అయ్యాక ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే అట్ట ఊడిపోయిన బైబిల్ నిఘంటువు ఒకటి దొరికింది, దాంట్లో చూస్తే అది వాన నీళ్లు నిలవ చేసుకునే తొట్టి లాంటిది. సున్నపురాతి బండలో తొలుస్తారు, లోపల నీళ్లు ఇంకకుండా సున్నం పూస్తారు, పైన మూతి సన్నం, కిందికి పోయేకొద్దీ వెడల్పు, కూజాలాగా. అంటే లోపల పడ్డవాడు గోడ పట్టుకుని ఎక్కలేడు, ఎందుకంటే గోడ వాడికి దూరంగా జరిగిపోతుంటుంది. పైనుంచి ఒక గుండ్రటి వెలుతురు ముక్క మాత్రం కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతితో నా మూడు పేజీలు చెత్తబుట్టలో పడ్డాయి.

తర్వాత తాడు. ఒక మనిషిని బురదలోంచి పైకి ఎలా లాగుతారు? నాకేం తెలుసు. మా చర్చి గేటు దగ్గర కాపలా ఉండే తాతది పాలమూరు వైపు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్ వచ్చి బావుల్లో పూడిక తీసే పని చేశాడు. ఒక సాయంత్రం వెళ్లి అడిగాను, "తాతా, బావిలో దిగబడ్డ మనిషిని పైకి లాగాలంటే తాడు ఎక్కడ కడతారు?"

"మనిషి సోయిల ఉన్నడా, లేడా?" అన్నాడు వెంటనే.

నేను కొంచెం తడబడ్డాను. సోయిలోనే ఉన్నాడు గానీ తిండి లేక నీరసంగా ఉన్నాడని చెప్పాను.

"సోయిల ఉంటే కట్టెముక్క మీద కూసోబెట్టి గుంజుతం. కూసోనీకి ఓపిక లేకుంటే సంకల కిందికెల్లే. గని ఉత్త తాడు ఏస్తే తోలు ఊడొస్తది బిడ్డా. కింద గుడ్డ పెట్టాలె. కొత్తది పెట్టొద్దు, జారుతది. పాతది పెట్టాలె."

నేనింకా పాత బట్టల మాట ఎత్తనే లేదు. ఒళ్లు జలదరించింది. బైబిల్ తెరిచి ఆ వచనం చదివి వినిపిస్తే తాత పెద్దగా ఆశ్చర్యపోలేదు, "ఔ మల్ల, ఎవ్వడైన గంతే జేస్తడు, పని తెలిసినోడు" అన్నాడు. పని తెలిసినోడు! నేను కరుణామయుడు, సాత్వికుడు అని విశేషణాలు వెతుక్కుంటూ ఉంటే ఆయన రెండు మాటల్లో పాత్రను చెప్పేశాడు.

ముప్పైమంది గురించి కూడా అడిగాను. దీని మీద పండితుల్లోనే రెండు మాటలున్నాయి, ముప్పై కాదు ముగ్గురే అయి ఉండాలని కొన్ని ఇంగ్లీషు అనువాదాలు మార్చేశాయి, ఒక్క మనిషిని లాగడానికి అంతమంది దేనికని. తాత లెక్క వేరు. "గుంజనీకి నలుగురు చాలు. కడమోల్లు సుట్టు నిలవడనీకి. గుంజేటప్పుడు ఎవ్వడన్న అచ్చి తాడు కోస్తే?" నా కథలో ముప్పైమంది ఉండిపోయారు.

ఇక వేపచెట్టు సంగతి. తాడు చంకల కింద పడితే ఎలా ఉంటుందో తెలియకుండా ఎలా రాయను అనుకున్నాను. మా ఆయన "అడుసు తొక్కనేల" అని సామెత మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు. శనివారం మధ్యాహ్నం చర్చిలో ఎవరూ లేనప్పుడు ఆవరణలోని వేపకొమ్మ మీదుగా తాత మోకు వేశాడు. లాగడానికి తాత, మా ఆయన, ఇంటర్ చదివే మా అబ్బాయి, కీబోర్డు ప్రాక్టీసుకు వచ్చి పాపం ఇరుక్కున్న క్వైర్ కుర్రాడు. మొదట ఉత్త తాడుతో. నేల నుంచి ఒక అడుగు లేపారు, అంతే. పది లెక్కపెట్టే వరకు ఉంటానన్నదాన్ని ఆరుకే అరిచాను. అరిచానంటే, అరుద్దామనుకున్నాను, గొంతు పెగల్లేదు. తాడు పైకి జరిగి చంకల్లో కొరుకుతుంది, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి, ఊపిరి సగం పీల్చేసరికి ఆగిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. యిర్మీయా చేత కీర్తన పాడించానే, ఆ కీర్తన అక్కడే పోయింది. రెండోసారి మా ఆయన పాత లుంగీ నాలుగు మడతలు వేసి పెట్టుకున్నాను. ముప్పై దాకా ఉండగలిగాను. నొప్పి పోలేదు గానీ ఓర్చుకునేంతకి దిగింది. ఎర్రటి గీతలు నాలుగు రోజులున్నాయి, స్కూల్లో చేయి పైకెత్తి బోర్డు మీద తేదీ వేయలేక పిల్లల చేత వేయించాను. (మీరు మాత్రం ఇలాంటివి చేయకండి. చేసినా పని తెలిసిన తాత ఒకరు ఉండాలి.)

బురద గురించి తాత చెప్పింది అన్నింటికన్నా పనికొచ్చింది. బురద ఊరికే వదలదట. నిటారుగా లాగితే భుజం ఊడుతుంది గానీ కాలు రాదు. ముందు లోపలున్నవాడు ఒక కాలు అటూ ఇటూ ఆడించి వదులు చేసుకోవాలి, తర్వాత రెండోది, పైవాళ్లు అప్పటిదాకా తాడు బిగువుగా పట్టుకుని ఊరుకోవాలి. అంటే పైనున్నవాడు, కిందున్నవాడు మాట్లాడుకుంటూ ఉండాలన్నమాట. వాక్యంలో ఒక్క వచనం, "తాళ్లతో చేదుకుని తీశారు" అన్నంత మాట, నా పుస్తకంలో తొమ్మిది పేజీలైంది. ఆ తొమ్మిది పేజీల్లో దేవుడి పేరు ఒక్కసారే వస్తుంది. దీని మీద తర్వాత కొందరు నొచ్చుకున్నారు.

రాస్తున్నకొద్దీ ఆయన పేరు నన్ను వేధించింది. ఎబెద్మెలెకు అంటే హీబ్రూలో "రాజు సేవకుడు". అది పేరేనా, లేక పనిని బట్టి పిలిచే పిలుపా? మన దగ్గర వాచ్‌మన్‌ను వాచ్‌మన్ అనీ, ఆయాను ఆయా అనీ పిలిచినట్టు? తాత పేరు నాకు ఎనిమిదేళ్ల తర్వాత ఈ పుస్తకం పుణ్యమా అని తెలిసింది, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఇంకో తమాషా చూడండి. యిర్మీయాను చంపించమన్న నలుగురి పేర్లూ 38వ అధ్యాయం మొదటి వచనంలో తండ్రుల పేర్లతో సహా ఉన్నాయి. వాళ్లలో ఇద్దరివి, షెలెమ్యా కొడుకు యూకలుది 2005లో, పషూరు కొడుకు గెదల్యాది 2008లో, యెరూషలేములో దావీదు పట్టణమనే చోట తవ్వకాల్లో మట్టి ముద్రలు కూడా దొరికాయి. చిటికెన వేలి గోరంత మట్టి ముక్క మీద పేరు చెక్కుచెదరకుండా ఉంది. గోతిలో వేయించినవాళ్ల ముద్రలు రెండున్నర వేల ఏళ్లు నిలిచాయి, తీసినవాడిది మాత్రం అసలు పేరో కాదో తెలియదు. నా నవలికలో ఆయన తల్లి పెట్టిన పేరు ఒకటి ఉంటుంది గానీ దాన్ని ఎవరూ పలకరు. పాఠకుడికి కూడా చెప్పలేదు.

షండుడు అనే మాట దగ్గర ఇంకో తగాదా. కథను ముందు ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను, సీరియల్‌గా వేస్తారేమోనని. అక్కడి సంపాదకులు ఫోన్ చేసి ఆ మాట బదులు అధికారి అని పెట్టండి, కుటుంబాలు చదువుతాయి అన్నారు. నిజమే, ఆ హీబ్రూ మాటకు కొలువు ఉద్యోగి అనే అర్థం కూడా ఉంది. కానీ ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ప్రకారం అలాంటివాడు యెహోవా సమాజంలో చేరకూడదు. ఆ సమాజపు ప్రవక్తను కాపాడినవాడు ఆ సమాజంలో నిలబడలేనివాడు అన్న ముల్లును నేనెలా తీసేయను? యెషయా 56లో షండులకు కొడుకులు, కూతుళ్లకన్నా శ్రేష్ఠమైన పేరు ఇస్తానని దేవుడు అనడం ఉంది. పేరు! ఆ వచనం ఆయన నోట పెట్టాలని చేయి దురద పెట్టింది, బలవంతాన ఆపుకున్నాను. పత్రికవాళ్లకేమో షండుడు అన్న మాటా మార్చాలి, చివర సందేశమూ కావాలి. వెనక్కి తీసుకున్నాను.

ఎబెద్మెలెకు రంగు విషయం నాకు దగ్గరలోనే తగిలింది. కూషు అంటే ఐగుప్తుకు (ఈజిప్టుకు) దక్షిణాన, ఇప్పటి సూడాన్ వైపు. నేను రోజూ బస్సులో ఏసీ గార్డ్స్ మీదుగా స్కూలుకు వెళ్తాను. ఆ ఏసీ అంటే ఏమిటో ఇన్నేళ్లూ ఆలోచించనే లేదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా గుర్రపు దళం, సిద్దీలు, వాళ్లున్న పేట అది. ఎక్కడినుంచో వచ్చి పరాయి రాజు ఇంటిని కాపలా కాసినవాళ్లు, వాళ్ల మనవలు ఇప్పుడు ఇక్కడే మన హైదరాబాదీ మాట్లాడుతూ ఉన్నారు. ఆ రోజు బస్సులో కూర్చునే ఎబెద్మెలెకు యాసలో మాట్లాడాలని నిర్ణయించుకున్నాను. ఇంకోటి, "కూషు దేశస్థుడు తన చర్మాన్ని మార్చుకోగలడా" అన్నమాట మనందరికీ తెలుసు, ఎవరన్నారో గుర్తుండదు. యిర్మీయానే, 13వ అధ్యాయంలో. నా కథలో ఎబెద్మెలెకు ఆ మాట విని ఉంటాడు. తాడు వదులుతున్నప్పుడు కూడా అది వాడి మనసులో ఉంటుంది. ఉన్నా వదులుతాడు.

ఇన్ని దిద్దినా హీరో వాసన పోలేదు. పోయింది 39వ అధ్యాయం పదిహేడో వచనంతో. వందసార్లు చదివి ఉంటాను. నగరం పడిపోతుంది కానీ నిన్ను నేను విడిపిస్తానని దేవుడు ఆయనకు కబురు పంపుతూ, నువ్వు భయపడే మనుషుల చేతికి నిన్ను అప్పగించను అంటాడు. నువ్వు భయపడే మనుషులు. అంటే ఆయన భయపడుతున్నాడు! నేను సింహాన్ని చేసిన మనిషి వణుకుతూ ఆ రాజు ముందుకు వెళ్లాడు, పని అయిపోయాక కూడా ఆ అధిపతులు తనను ఏం చేస్తారోనని రాత్రులు నిద్ర లేకుండా ఉన్నాడు. లేకపోతే ఆ మాట చెప్పాల్సిన పనేముంది? ఆ రాత్రి రెండింటికి లేచి మొదటి అధ్యాయం మళ్లీ రాశాను. రెండు పేజీల డైలాగు మూడు వాక్యాలైంది. వాక్యంలో కూడా ఆయన రాజుతో అన్నది అంతే, వీళ్లు చేసింది తప్పు, యిర్మీయా ఆకలితో చచ్చిపోతాడు, పట్టణంలో రొట్టె లేదు.

రొట్టె మాట కూడా దారి చూపింది. అంతకుముందు యిర్మీయాకు కారాగృహంలో రోజుకొక రొట్టె ఇవ్వమని, రొట్టెలు కాల్చేవాళ్ల వీధి నుంచి తెప్పించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు, 37వ అధ్యాయంలో. ఎవరు తెచ్చేవారో లేదు. నేను ఎబెద్మెలెకు చేత తెప్పించాను. ఇది పూర్తిగా నా కల్పన, కానీ దాంతో ఇద్దరికీ పరిచయం కుదిరింది, రోజురోజుకూ రొట్టె చిన్నదవుతుంటే ముట్టడి ఎంత బిగుస్తోందో చెప్పకుండానే తెలిసింది.

తప్పులు ఇంకా దొర్లాయి. కాపలావాడి చేతిలో నాణేలు పెట్టించాను, చదివిన ఒక స్నేహితుడు పట్టుకున్నాడు, యూదాలో అప్పటికి వెండిని తూచి ఇచ్చేవారు, యిర్మీయా అదే కారాగృహంలో ఉండి పొలం కొన్నప్పుడు పదిహేడు తులాల వెండి త్రాసులో తూచాడు కదా అని. అవును కదా, అదీ బైబిల్లోనే ఉంది. పాత బట్టలను నూలు బట్టలని రాశాను, తీసేసి ఉన్ని, నార అని పెట్టాను. అన్నట్టు ఈయన మీద కథ అల్లిన మొదటిదాన్ని నేనే అని కొన్నాళ్లు మురిసిపోయాను. రెండో శతాబ్దం నాటిదని చెప్పే ఒక పాత గ్రంథంలో ఈయన అత్తిపండ్ల బుట్టతో చెట్టు కింద పడుకుని అరవై ఆరేళ్లు నిద్రపోతాడు, లేచి చూస్తే పండ్లు ఇంకా తాజాగా ఉంటాయి. నా తొట్టి, బురద దాని ముందు చప్పగా అనిపించాయి.

చిక్కడపల్లిలో ఒక ప్రెస్‌లో 300 కాపీలు వేయించాను. అట్ట మీద హీరో పేరులో ఒత్తు ఎగిరిపోయి ఎబెదమెలెకు అయింది. అసలే పేరు లేని మనిషి అనుకుంటే! స్టిక్కర్లు వేయించి మా అబ్బాయీ నేనూ రెండు రాత్రులు అతికించాం. క్రిస్మస్‌కు చర్చి బయట బల్ల వేసి వంద రూపాయలకు అమ్మాను, సగం పోయాయి, సగం మంచం కింద ఉన్నాయి. అయ్యగారు తొమ్మిది పేజీల తాడు ఘట్టాన్ని ప్రసంగంలో వాడుకున్నారు, అది కల్పన అని మూడుసార్లు చెప్పి మరీ.

తాతకు చదువు రాదు. రోజూ సాయంత్రం గేటు దగ్గర స్టూల్ వేసుకుని కొంచెం కొంచెం చదివి వినిపించాను. తాడు దగ్గర రెండు చోట్ల ఆపి సరిచేశాడు. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"ఆ పాత బట్టలు ఏమైనయి బిడ్డా?"

"అంటే?"

"పైకి అచ్చినంక. బురద గద మొత్తం. ఎవ్వడన్న ఉతికిండా? ఆ ఖజాన కింద మల్ల పెట్టిండా? రాజుగారి సొమ్ము, లెక్క అడుగుతరు గద."

నా కాపీలో 71వ పేజీ అంచున పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను: బట్టలు?